మంచు పడని ఊళ్లో రింకు కావాలి

2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన మహిళల ఐస్ హాకీ ఆసియా కప్‌లో మన అమ్మాయిలు కాంస్యం గెలిచారు. ఆ వార్త చాలామంది కంట పడనే లేదు. ఈ జట్టు తొలిసారి అంతర్జాతీయ టోర్నీ ఆడింది 2016లో. మరుసటి ఏడు బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ను 4-3తో ఓడించి తొలి విజయం చూసింది. తొమ్మిదేళ్లలో ఆసియా పతకం దాకా రావడం మాటలు కాదు.

జట్టులో ఎక్కువమంది లద్దాఖ్ అమ్మాయిలే. అక్కడ రింకు, అంటే ఈ ఆట ఆడే మంచు మైదానం, గడ్డకట్టిన చెరువే. రాత్రిపూట నీళ్లు పోసి, అవి బిగిశాక మళ్లీ పోసి, పొర మీద పొరగా మంచు కడతారు. చలికాలం పోతే ఆటా పోతుంది. ఈ జట్టుకు చాలాకాలం గోల్ కాచిన నూర్ జహాన్ వృత్తిరీత్యా పాత బౌద్ధారామాల చిత్రాలను బాగుచేసే నిపుణురాలు. దూసుకొచ్చే 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్లకు, అంటే పక్‌కు, అడ్డునిలిచిందీ ఆమే.

మరి మిగతా నెలల్లో? 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం డెహ్రాడూన్‌లో కట్టిన పెద్ద రింకు ఏళ్ల తరబడి మూతపడి ఉండిపోయింది. 2025లో గానీ మళ్లీ తెరుచుకోలేదు. అంతకాలం మన క్రీడాకారులు సాధన కోసం విదేశాలకు పోవాల్సి వచ్చింది.

దక్షిణాదికి రింకు ఎందుకంటారా? బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో సాయంత్రం ఏ అపార్ట్‌మెంట్ ఆవరణలో చూసినా చక్రాల బూట్లతో పిల్లలు కనిపిస్తారు. వాళ్లలో మన తెలుగు పిల్లలు బోలెడంతమంది. 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో మంచు మీద స్కేటింగ్‌లో స్వర్ణం కొట్టింది తెలంగాణ అమ్మాయి నయనశ్రీ తాళ్లూరి. మంచు ఎరగని నేల నుంచీ విజేతలు వస్తారనడానికి ఇంకేం రుజువు కావాలి?

ట్యాంకర్ల మీద బతికే వైట్‌ఫీల్డ్‌లో మంచు మైదానమా అని కోప్పడేవాళ్లుంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. లెక్క చూద్దాం. 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల మందం మంచుకు పట్టేది సుమారు 70 వేల లీటర్లు. అంటే 12 వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు. రోజూ పైపూతకు మరికొంత. దానికి శుద్ధిచేసిన వాననీటిని వాడుకోవచ్చు. అసలు ఖర్చంతా కరెంటుదే. కాంక్రీటు కింద గొట్టాల్లో చల్లటి ద్రవం ఆగకుండా తిరగాలి. ఏడాది పొడవునా సర్వర్లను చల్లబరిచే ఊరికి ఇది తెలియని విద్య కాదు.

డబ్బుకూ దారుంది. పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. ఒలింపిక్ క్రీడల శిక్షణ ఆ జాబితాలో ఉంది. ఐస్ హాకీ ఒలింపిక్ క్రీడే. ఇక్కడి కంపెనీల్లో పెద్ద హోదాల్లో ఉన్న తెలుగువాళ్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ఏడాది ఆ నిధుల పద్దు రాసేటప్పుడు రింకు ప్రతిపాదన బల్ల మీద పెట్టండి. లద్దాఖ్ జట్టుకు వేసవి శిక్షణ, మన పిల్లలకు కొత్త ఆట, రెండూ ఒకే కప్పు కింద సాధ్యం.