నిదానంగా ఉడికే వంటకు నమ్మకమైన గిన్నె ఏది?

రోగిని ఇంటికి పంపే రోజున డాక్టరు గారు చీటీలో మందులతోపాటు "మెత్తని ఆహారం ఇవ్వవలెను" అని రాస్తారు. రాయటం సులువే. ఇంటికి వెళ్ళాక దానిని నెరవేర్చవలసింది మాత్రం తెల్లవారుజామునే మిరప కోతకు బయలుదేరే కోడలో, కూతురో. పళ్ళు ఊడిన మామగారికి మెదిపితే మెదిగే పప్పు కావాలి. ఏడాది నిండని బిడ్డకు పలుకు లేని పప్పన్నం కావాలి. క్షయ మందులు మింగుతున్న మనిషికి గుడ్డు, పప్పు, వీలైతే మాంసం కావాలి. ఇవన్నీ మెత్తగా ఉడకాలంటే సమయం కావాలి. ఆ ఇల్లాలి దగ్గర లేనిది అదే.

అందుకే ఈ మధ్య చాలామంది తల్లులు ఒక ప్రశ్న అడుగుతున్నారు. "దగ్గర నిలబడే పని లేకుండా, ప్లగ్గు పెట్టి వదిలేస్తే దానంతట అదే గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్ వచ్చిందట కదా, కొనమంటారా?" అని. దాని పేరు స్లో కుక్కర్. పట్నంలో ఉన్న పిల్లలు ప్రేమతో కొని పంపుతామంటున్నారు. డబ్బు పెట్టేముందు కుటుంబమంతా కూర్చుని ఆలోచించుకోవలసిన కొన్ని సంగతులు ఇక్కడ రాస్తున్నాము.

మన అమ్మమ్మల స్లో కుక్కర్

నిదానంగా ఉడికించటం మనకు కొత్త కాదు. పెరట్లో గుంట తీసి, పిడకలు పేర్చి, పైన నుసి కప్పి, పాలకుండను ఉదయం పెడితే సాయంత్రం దాకా సన్నని సెగమీద కాగుతూ ఉండేది. అదే దాలి. పాలు ఎర్రగా కాగి, పైన మందపు మీగడ కట్టేది. జొన్న సంకటి దించాక నిప్పులమీదే కాసేపు మగ్గనిచ్చేవారు. యాటకూర కుంపటిమీద ఉడుకుతుండగానే ఇంటిపని అంతా అయ్యేది.

ఆ రుచిని తలచుకునేటప్పుడు ఆ పొగను కూడా తలచుకోవాలి. పిడకలు, పత్తి కట్టె, మిరప కట్టె కాల్చిన వంటింట్లో నలభై ఏళ్ళు కూర్చున్న తల్లులు ఈనాడు ఆయాసంతో ఆసుపత్రులకు వస్తున్నారు. వీరిలో చాలామంది జీవితంలో ఒక్క చుట్ట కూడా కాల్చలేదు. ఇళ్ళలోని వంటపొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్వల పథకం వచ్చి గ్యాసు పొయ్యిని పేదింటికి తెచ్చాయి. కనుక మళ్ళీ దాలికి పొమ్మని ఎవరమూ చెప్పము. దాలి చేసిన పని పొగ లేకుండా ఎలా చేసుకోవాలన్నదే ప్రశ్న.

అమెరికా కుక్కర్ కథ

కరెంటు స్లో కుక్కర్‌ను అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన తయారు చేశాడు. 1940లో దానికి పేటెంటు వచ్చింది. లిథువేనియా దేశపు యూదుల ఇళ్ళలో శుక్రవారం సాయంత్రం విశ్రాంతి దినం మొదలయ్యేసరికి పొయ్యి ఆర్పేవారు. అంతకుముందే గింజలు, మాంసం కలిపిన కుండను రొట్టెల బట్టీకి పంపేవారు. చల్లారుతున్న బట్టీ వేడికే రాత్రంతా అది ఉడికేది. తల్లి చెప్పిన ఈ సంగతి నుండే ఆయనకు ఆలోచన పుట్టింది. తర్వాత ఒక కంపెనీ దానిని కొని, 1971లో క్రాక్‌పాట్ అనే పేరుతో అమ్మింది. ఉద్యోగాలకు వెళ్ళే అమెరికా తల్లులకు అది ఎంతో ఉపకరించింది.

అక్కడ ఉపకరించినది ఇక్కడ కూడా ఉపకరిస్తుందా? ఆ వస్తువు మూడు నమ్మకాలమీద నిలబడి ఉంది. కరెంటు పోదని, నీరు మెత్తనిదని, వండినది వేడిగా ఉండగానే తింటారని. మన పల్నాటిలో ఈ మూడింటినీ పరీక్షించి చూడాలి.

మొదటిది కరెంటు. మునుపటికంటే సరఫరా మెరుగైన మాట నిజమే. అయినా వేసవిలో ఒక గాలివాన వస్తే ఎన్ని గంటలు పోతుందో మనందరికీ తెలుసు. స్లో కుక్కర్‌లో పెట్టిన కూర మరిగే వేడికి చేరటానికే గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే అది గోరువెచ్చగా నిలిచిపోతుంది. ఇంట్లో ఎవరూ లేకపోతే ఎంతసేపు పోయిందో కూడా తెలియదు. సాయంత్రం వచ్చి చూస్తే కరెంటు ఉంటుంది, కూర వేడిగానే ఉంటుంది. కానీ మధ్యలో ఏం జరిగిందో ఆ కూర చెప్పదు.

అమెరికా నుండి తెచ్చిన వస్తువైతే ఇంకొక చిక్కు ఉంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. మాకు తెలిసిన ఒక ఇంట్లో కొడుకు ముచ్చటపడి పెట్టెలో తెచ్చాడు. పిన్నులు మార్చే చిన్న ప్లగ్గు పెట్టి తగిలించారు. పది నిమిషాల్లో కాలిన వాసన వచ్చింది. ఆ చిన్న ప్లగ్గు పిన్నులను మారుస్తుందే గాని వోల్టులను మార్చదు. వోల్టులు ఇంచుమించు రెట్టింపైతే లోపలి తీగ వేడి మూడున్నర రెట్లు దాటుతుంది. కాలింది గిన్నె కాబట్టి సరిపోయింది, ఇల్లు అంటుకుంటే ఏమయ్యేది?

రెండవది నీరు. పల్నాడు సున్నపురాయి నేల. పిడుగురాళ్ళ సున్నం, మాచర్ల వైపు సిమెంటు ఈ నేల ఇచ్చినవే. అదే సున్నం మన బోరు నీళ్ళలోనూ ఉంది. "బోరు నీళ్ళతో పప్పు ఉడకదు, కాలువ నీళ్ళయితే ఇట్టే ఉడుకుతుంది" అని మన పెద్దలు అనేది అనుభవంతోనే. ఉప్పు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం గింజ పొరను గట్టిపరుస్తాయి. సన్నని సెగమీద ఎనిమిది గంటలు ఉంచినా సెనగలు రాళ్ళలాగే ఉండవచ్చు. అందుకు కొందరు వంట సోడా వేస్తారు. గింజ మెత్తబడుతుంది గాని అందులోని బి1 విటమిను నశిస్తుంది. అంతకంటే రాత్రి నానబెట్టి, ఆ నీరు పారబోసి, మంచినీటితో వండటం మేలు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళవారికి ఒక మాట. ఎంత మరిగించినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. వంటకు కూడా తాగే నీటినే వాడండి.

మూడవది సమయం. వండిన ఆహారం 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంటే క్రిములు పెరగవు. గోరువెచ్చగా ఉన్నప్పుడే అవి వేగంగా పెరుగుతాయి. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఎండాకాలం నరసరావుపేటలో ఆ రెండు గంటలు కూడా ఎక్కువే. మళ్ళీ మరిగిస్తే సరిపోతుందని అనుకోవద్దు. క్రిములు చచ్చినా అవి విడిచిన కొన్ని విషాలు మరిగించినా పోవు.

రాజ్మా గింజల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఇప్పుడు మన కొట్లలో కూడా దొరుకుతున్నాయి. పచ్చి రాజ్మాలో ఒక సహజ విషం ఉంది. అది పోవాలంటే కనీసం అయిదు గంటలు నానబెట్టి, నీరు మార్చి, తెర్లే నీటిలో ముప్పై నిమిషాలు ఉడికించాలి. మరగకుండా సన్నని సెగమీద మాత్రమే ఉంచితే ఆ విషం తగ్గకపోగా పెరగవచ్చు. నాలుగైదు గింజలు తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. నానబెట్టిన రాజ్మాను నేరుగా స్లో కుక్కర్‌లో వేయటం ఎన్నడూ చేయకండి.

మరి ఏది కొనాలి?

మా అభిప్రాయం సూటిగా చెబుతాము. పల్నాటిలో ఒకే ఒక కుక్కర్ కొనగల కుటుంబం గ్యాసుమీద పెట్టే మామూలు ప్రెషర్ కుక్కర్‌నే కొనాలి. అది లోపలి వేడిని సుమారు 120 డిగ్రీల దాకా తీసుకుపోతుంది. ఉప్పు నీటిలో పప్పును కూడా లొంగదీస్తుంది. ముదురు మాంసాన్ని గంటలోపే మెత్తబరుస్తుంది. కరెంటు పోయినా దానికి పట్టదు.

కొనేటప్పుడు రంగు, తళుకు చూడకండి. ఇవి చూడండి.

ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందా? ప్రెషర్ కుక్కర్లకు ఐ.ఎస్. 2347 అనే ప్రమాణం ఉంది. 2021 ఫిబ్రవరి నుండి ఈ గుర్తు లేని కుక్కర్‌ను అమ్మటం చట్టవిరుద్ధం. గుర్తు కింద లైసెన్సు నంబరు ఉంటుంది. ఫోను ఉన్న పిల్లల చేత బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టించి చూడండి. అసలుదో నకిలీదో తెలిసిపోతుంది.

సామాను మన ఊళ్ళో దొరుకుతుందా? గాస్కెట్, వెయిట్, సేఫ్టీ వాల్వ్ నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో దొరకని కుక్కర్ ఎంత చవకైనా మనకు ఖరీదే. సంతలో తోపుడుబండిమీద దొరికే ఏదో ఒక వాల్వ్ బిగించుకోవద్దు. ఆవిరి ఎక్కువైనప్పుడు కరిగి ప్రాణం కాపాడవలసిన ముక్క అది.

ఇంటికి తగిన కొలత ఉందా? నలుగురైదుగురు ఉన్న ఇంటికి అయిదు లీటర్లది చాలు. ఏది వండినా మూడింట రెండు వంతులకు మించి నింపవద్దు. నురగ పొంగే పప్పు, బియ్యం అయితే సగానికే ఆపండి. పప్పు పొట్టు ఆవిరి గొట్టంలో అడ్డుపడటమే చాలా ప్రమాదాలకు మొదలు.

మన నీటివల్ల ఇంకొక పని అదనంగా ఉంది. సున్నం పొర ఆవిరి గొట్టంలో పేరుకుంటుంది. వండే ప్రతిసారీ గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూడండి. అవతలి వెలుగు కనపడాలి. వారానికోసారి చింతపండు నీటితోనో నిమ్మరసంతోనో కుక్కర్‌ను కడగండి. ఆవిరి ఉండగా వెయిట్ ఎత్తకండి, మూత బలవంతంగా తీయకండి. వంట జరిగేటప్పుడు పిల్లలను పొయ్యి దగ్గరకు రానివ్వకండి. ఆవిరి కాలిన గాయం నీటి గాయం కంటే లోతుగా దిగుతుంది.

ఖర్చు లేని స్లో కుక్కర్

వంట మరిగే దాకా పొయ్యి కావాలి. మరిగిన తర్వాత కావలసింది వేడి బయటకు పోకుండా కాపాడటం. కేరళలో శాస్త్ర సాహిత్య పరిషత్తు వారు 'చూడారాప్పెట్టి' అనే పెట్టెను ఊరూరా ప్రచారం చేశారు. వేడి చల్లారని పెట్టె అని దాని అర్థం. మనమూ చేసుకోవచ్చు. ఒక పెద్ద బుట్టలో ఎండు వరిగడ్డి ఒత్తుగా పరిచి, గిన్నె పట్టేంత గుంట చేయండి. నానిన కందిపప్పును మూత పెట్టి పదిహేను నిమిషాలు తెర్లించి, మూత తీయకుండా ఆ గుంటలో దింపండి. పైన పాత బొంత మందంగా కప్పండి. రెండు మూడు గంటల్లో పప్పు తన వేడికే మెత్తబడుతుంది. గ్యాసు ఆదా, అడుగంటే భయం లేదు.

దీనికి నియమం ఒక్కటే. గిన్నె నిండుగా ఉండాలి, తెరిచినప్పుడు పొగలు చిమ్మాలి. గోరువెచ్చగా ఉంటే పెద్దలకైనా పిల్లలకైనా పెట్టకండి. మాంసాన్ని ఈ పద్ధతిలో కాక కుక్కర్‌లోనే ఉడికించండి. తెల్లవారి వండి పొలానికి తీసుకుపోయేవారు కూర, అన్నం పొగలు కక్కుతుండగానే వేడినీటితో కడిగిన హాట్ ప్యాక్‌లో సర్దుకుని, మధ్యాహ్నం ఆలస్యం చేయకుండా తినండి.

స్లో కుక్కర్ అసలే వద్దని మేము అనటంలేదు. ఇంట్లో ఇన్వర్టరు ఉండి, పగలు మనిషి ఉండి, 230 వోల్టులకు చేసినది, లోపలి గిన్నె బయటకు తీసి కడగగలిగినది దొరికితే పాయాకు, సూపుకు అది బాగుంటుంది. ముందు గ్యాసుమీద తెర్లించి, వేడిగానే అందులో పోయండి. మూత మాటిమాటికీ తీయకండి. మిగిలినదాన్ని అందులోనే రాత్రంతా వదలకండి. ఇవి చేయలేని ఇంటికి మాత్రం ఆ డబ్బుతో మంచి కుక్కర్, కొత్త గాస్కెట్, నాలుగు కిలోల కందిపప్పు వస్తాయి.

చివరగా ఇంటి మగవారికి ఒక మనవి. ఆదివారం ఆరాధన నుండి ఇంటికి రాగానే వేడి అన్నం ఆశించే మనం, ఆ ఉదయం ఆమె ఎన్ని గంటలకు లేచిందో అడిగామా? రాత్రి సెనగలు నానబెట్టటానికి, గాస్కెట్ మార్చటానికి, ఆవిరి గొట్టం వెలుగుకు పెట్టి చూడటానికి ఆడచేయే కావాలని లేదు. మంచి కుక్కర్ కొని ఇవ్వటం సంతోషమే. దానిని రోజూ కడిగి సిద్ధంగా ఉంచే పని పంచుకుంటే ఆమెకు ఇంకో అరగంట నిద్ర దొరుకుతుంది. డాక్టరు గారు చీటీలో రాసిన "మెత్తని ఆహారం" అప్పుడు ఆ ఇంట్లో రోజూ కుదురుతుంది.