అనధికార కార్డట!

గత శనివారం నా ల్యాప్‌టాప్ నన్ను, అపశబ్దం పలికిన విద్యార్థిని పంతులు చూసినట్టు చూసింది. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, అందులో ఒక చిన్న దుకాణం. బాగుచేసే కుర్రవాడు అడుగుమూత విప్పి, పాత వై-ఫై కార్డు తీసి, నేను ఎంచి తెచ్చిన కార్డు బిగించి మీట నొక్కాడు. విండోస్ దాకా పోనేలేదు. నల్లని తెరమీద ఇంగ్లీషులో హుకుం: అనధికారమైన నెట్‌వర్క్ కార్డు ఉన్నది, తొలగించుము.

ఎవరి అధికారం? యంత్రం నాది, కార్డు నాది, ఇంటి కనెక్షన్ నాది.

2013లో కొన్న యంత్రమది. దాని కార్డుకు తెలిసినది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ ఒక్కటే. అందులో ఒకదానికొకటి అడ్డురాని దారులు 1, 6, 11, అంతే. మా అపార్ట్‌మెంటులో పైనా కిందా రూటర్లే. రాత్రి ఎనిమిది దాటితే ఆ మూడు దారులూ జనరల్ బజారే. 5 గిగాహెర్ట్జ్ కూడా తెలిసిన కార్డు వేస్తే మరో అయిదేళ్ళు గడుస్తుందనుకుని ఇంటెల్ 7260 కార్డు, మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ సగం సైజుది, ఎంచాను. స్క్రూలు కుదిరాయి, యాంటెన్నా తీగలు రెండూ కుదిరాయి. (వైర్‌లెస్‌ను మనం ముచ్చటపడి నిస్తంత్రి అనుకున్నాం గాని, మూత తీస్తే లోపల తంత్రులు రెండున్నాయి మరి!) కుదరనిది కంపెనీవారి మనసొక్కటే.

సంగతేమంటే, యంత్రం కళ్ళు తెరవగానే నడిచే బయోస్‌లో కొన్ని కంపెనీలు ఒక జాబితా దాచిపెట్టాయి. కార్డు తన తయారీ సంఖ్య, నమూనా సంఖ్య, ఆపైన ఒక ఉపసంఖ్య చెప్పుకుంటుంది. జాబితాలో ఆ ఉపసంఖ్య లేకపోతే బండి కదలదు. అదే ఇంటెల్ కార్డును ల్యాప్‌టాప్ కంపెనీ తన విడిభాగపు నంబరు వేసి అమ్మితే మాత్రం ఒప్పుకుంటుంది. లోహం మారలేదు, రేడియో మారలేదు, గోత్రనామం మారింది.

సాధుశబ్దమేది, గ్రామ్యమేది అన్న తగవులోనే నా ఉద్యోగకాలమంతా గడిచింది. నియమాలంటే నాకు చిరాకు లేదు. చిన్నయసూరి అంతటివాడే నియమం పొసగని చోట వైకల్పికమన్నాడు, బహుళమన్నాడు. పైగా ఆయన సూత్రాలు అచ్చులో ఉన్నాయి. గిడుగువారి వంటివారు చదివి, ఎదిరించి, వాదించగలిగారు. ఈ జాబితాను నాకు ఎవరు చూపారు? కొన్ననాడు పెట్టెమీద లేదు, లోపలి పుస్తకంలోనూ లేదు.

దీన్ని సమర్థించేవారు చట్టం మాట ఎత్తుతారు. ప్రసార పరికరానికీ యాంటెన్నాకూ కలిపి ఆమోదం తీసుకున్నామనీ, అమెరికాలో ఎఫ్.సి.సి. నిబంధన అనీ అంటారు. పూర్తిగా తోసిపుచ్చను. అయితే రేడియో మాడ్యూలును విడిగా ఆమోదించే పద్ధతీ ఆ ఎఫ్.సి.సి.లోనే ఉంది. జాబితా లేని ల్యాప్‌టాప్‌లూ ఆ దేశంలోనే అమ్ముడయ్యాయి. మన దేశంలోనైతే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి 2005లోనే లైసెన్సు అవసరం తీసేశారు. అయినా, చట్టభయమే కారణమైతే కంపెనీ నంబరు పడగానే ఆ భయం ఎక్కడికి పోయింది?

"మాస్టారూ, పదేళ్ళు దాటిన దానికి ఇంత రాద్ధాంతమా, కొత్తది కొనుక్కోకూడదూ?" అన్నాడొక మిత్రుడు. కీబోర్డు బాగుంది, తెర బాగుంది, నా నిఘంటువులన్నీ అందులో ఉన్నాయి. అరచేతిలో సగం లేని ముక్క కోసం అంతటినీ చెత్తలో వేయాలా? 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు కోసం సంఘం వేసింది, ఆ డిసెంబరులోనే పోర్టలూ తెరిచింది. సంతోషం. కాని విడిభాగం బజారులో దొరికితే చాలదు, దొరికినదాన్ని యంత్రం లోపలికి రానివ్వాలి. అది లేని హక్కు తాళంచెవి ఇవ్వకుండా చేసిన గృహప్రవేశం.

కొత్తవి కొన్నా నిశ్చింత లేదు. కొన్నిటిలో కార్డును మదర్‌బోర్డుకే అతికించేశారు, మార్చే ప్రసక్తే లేదు. విడిగా ఉన్నచోట పేర్ల తికమక. ఇంటెల్ ఏఎక్స్ 200, ఏఎక్స్ 201 చూపులకు కవలలే, పెట్టే చోటూ ఒకే ఆకారం. మొదటిది మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడుస్తుంది. రెండోది సగం కార్డే. మిగిలిన సగం తగిన ఇంటెల్ చిప్‌సెట్‌లోనో ప్రాసెసరులోనో ఉండాలి. ఏఎండీ యంత్రంలో పెడితే ఉలకదు, పలకదు. 210, 211ల సంగతీ ఇంతే. దీనికి సాంకేతిక కారణముంది గనుక పేచీ లేదు; ఒక్క అంకె తేడాతో పేర్లు పెట్టిన పురోహితుడితోనే నా పేచీ. కాబట్టి కొనబోయేవారు దుకాణానికి వెళ్ళకముందే మూత విప్పి, పాతకార్డు మీది నంబరు చూసి, మీ నమూనాకు ఈ జాబితా బెడద ఉందేమో తెలుసుకోండి. నాలా కొన్న తరువాత కాదు.

కుర్రవాడు మంచివాడు, మూత విప్పినందుకు డబ్బులు పుచ్చుకోలేదు. "డాంగిల్ పెట్టుకోండి సార్, దాన్ని ఆపదు" అన్నాడు. నిజమే. లోపలి కార్డును అనధికారమన్న యంత్రం, పక్కన యూఎస్‌బీలో గుచ్చిన చైనా డాంగిల్‌కు కిమ్మనకుండా తలుపు తీసింది. ఈ టపా దాని మీదుగానే మీకు చేరుతోంది.

7260 కార్డు నా బల్లసొరుగులో ఉంది. సికిందరాబాదులో జాబితా లేని పాత ల్యాప్‌టాప్ ఎవరికైనా ఉంటే చెప్పండి, ఊరికే ఇస్తాను.