టేపుల్లోని గద్దర్‌ను కాపాడుకోవాలి

జగిత్యాల: గద్దర్ పాట విననివారు మన ప్రాంతంలో అరుదు. అయితే 1990 ప్రాంతంలో పుట్టిన మా తరం ఆయనను ముందు సినిమా పాటల్లోనే విన్నది. తెలంగాణ ఉద్యమ సభల్లో దూరం నుంచి చూసింది. జనం నడుమ నిలబడి ఆయన ఎలా పాడేవారో నాకు తెలిసింది మాత్రం మా ఇంటి అటక మీద దొరికిన అట్టపెట్టెలోని పాత క్యాసెట్ల వల్లనే.

మా నాన్న దుబాయి పోయివచ్చిన మనిషి. ఆ రోజుల్లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్ పోయినవారు సెలవు మీద వస్తూ టేప్‌రికార్డర్ తెచ్చేవారు. ఉత్తరానికి బదులు మాటలు నింపిన క్యాసెట్లు పంపుకునేవారు. ఆ యంత్రమే గద్దర్ పాటను కూడా ఊరూరా మోసింది.

తూప్రాన్‌కు చెందిన గుమ్మడి విఠల్‌రావు గద్దర్‌గా మారడం, 1972లో జననాట్యమండలి మొదలుకావడం అందరికీ తెలిసిన సంగతులే. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. గద్దర్ 1985 నుంచి 1990 దాకా అజ్ఞాతంలో ఉన్నారు. మనిషి కనిపించని ఆ ఐదేళ్లలో ఊళ్లలో ఆయన గొంతు వినిపించింది టేపుల్లోనే.

ఒకరి టేపును మరొకరు అడిగి తెచ్చుకుని ఎక్కించుకునేవారు. ఎక్కించిన ప్రతిసారీ మోత పెరిగేది, మాట తగ్గేది. కోరుట్లలో బీడీలు చేసే ఇళ్లల్లో తక్కువ సౌండుతో వినేవారని పెద్దలు చెబుతారు. సిరిసిల్లలో సాంచాల చప్పుడుకు పాట వినపడదు గనుక, కరెంటు పోయినప్పుడు సెల్లులు వేసి వినేవారట. 1990 ఫిబ్రవరిలో గద్దర్ బయటికి వచ్చాక కొద్దికాలం బహిరంగంగా సభలు జరిగాయి. 1992 మే నెలలో నిషేధం రావడంతో మళ్లీ భయం మొదలైంది. చాలామంది టేపులను పొయ్యిలో వేశారు. మా నాన్న అటకెక్కించాడు.

ఆ పెట్టెలో ఒక సభ టేపు ఉన్నది. తారీఖు లేదు, ఊరి పేరు లేదు. కంపెనీ క్యాసెట్లో పాట మాత్రమే ఉంటుంది. ఇందులో డప్పు మోగుతుంది, గజ్జెలు మోగుతాయి. గద్దర్ పాట మధ్యలో ఆగి జనాన్ని అడుగుతారు, జనం జవాబు చెబుతారు, ఆ జవాబు మీదనే మళ్లీ పాట లేస్తుంది. పిల్లల ఏడుపు, దగ్గు, ఈల అన్నీ ఉన్నాయి. ఒకచోట ఎవరో ఇంకో పాట పాడమని గట్టిగా అరుస్తాడు. అక్కడ నాన్న టేపు ఆపి, ‘గీ గొంతు మా దోస్తుదిరా’ అన్నాడు. ఆ దోస్తు గల్ఫ్‌లోనే చనిపోయాడు. వాళ్ల ఇంట్లో ఒక్క ఫోటో తప్ప ఏమీ మిగలలేదు. ఆయన గొంతు ఈ లోకంలో మా టేపులోనే ఉన్నది.

అమెరికాలో బాబ్ డిలాన్ పాటలను అనుమతి లేకుండా ముద్రించిన దొంగ రికార్డు 1969లో బయటికి వచ్చింది. తర్వాత 1991 నుంచి కంపెనీ వారే అటువంటి పాత రికార్డింగులను వరుసగా విడుదల చేస్తూ వచ్చారు. దొంగచాటు టేపుకు అక్కడ దక్కిన గౌరవం ఇక్కడ ఎందుకు దక్కకూడదు?

గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. ప్రభుత్వం ఆయన పేరిట సినిమా అవార్డులు నెలకొల్పి 2025 జూన్‌లో ప్రదానం చేసింది. సంతోషమే. కాని పేరు నిలబెట్టి గొంతును బూజుకు వదిలేయడం న్యాయం కాదు. ఆయన రాజకీయాలు నచ్చనివారు ఉన్నారు. ఆ కాలపు హింసలో అయినవారిని పోగొట్టుకున్న ఇళ్లు రెండు పక్కలా ఉన్నాయి. వారి బాధ కాదనలేనిది. టేపును దాచడమంటే ఆ రాజకీయాలను ఒప్పుకోవడం కాదు. ఆనాడు జనం ఏం విన్నారో, ఏమని బదులిచ్చారో చెప్పే సాక్ష్యాన్ని నిలుపుకోవడం.

దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు. జగిత్యాల, సిరిసిల్ల జిల్లా గ్రంథాలయాల్లో ఒక గది, మంచి టేప్‌రికార్డర్, ఒక కంప్యూటర్, పని తెలిసిన ఒక మెకానిక్ ఉంటే చాలు. గంట టేపును ఎక్కించడానికి గంట పడుతుంది. ఊరు, సంవత్సరం, రికార్డు చేసిన విధం రాసుకుని టేపును తిరిగి ఇచ్చేయాలి. పేరు వద్దన్నవారి పేరు రాయకూడదు. కుటుంబం, కళాకారుల అనుమతి తీసుకోవాలి.

పాఠకులకు ఒక మనవి. ఇంట్లో పాత క్యాసెట్లు ఉంటే పారేయకండి. బూజు పట్టిన టేపును వెంటనే యంత్రంలో పెట్టకండి, రీలు తెగుతుంది. ఎండకు, స్పీకర్లకు దూరంగా ఉంచండి. గ్రంథాలయ సంస్థల వారు ఇప్పటికైనా ఈ విషయం మీద దృష్టి పెట్టాలి. రికార్డు చేసినవారిలో చాలామంది ముసలివారయ్యారు. ఏ టేపు ఏ ఊరిదో వాళ్లు ఉండగానే అడగాలి.