బండి – బాగోగులు: తాళం తీసినా ఆగని సెల్ఫ్

ఈసారి బరంపురం నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరంతో మొదలుపెడదాం. “పిల్లలను బడికి తీసుకువెళ్ళడానికి కారు స్టార్ట్ చేశాను. ఇంజన్ అందుకున్నా సెల్ఫ్ మోటారు గరగరమంటూ తిరుగుతూనే ఉంది. తాళం త్రిప్పి బయటికి తీసేశాను. ఇంజన్ శబ్దం పోయింది గాని సెల్ఫ్ ఆగలేదు! పిల్లలను దింపేసి దూరంగా నిలబడ్డాను. చివరికి బ్యాటరీ అయిపోయి దానంతటదే ఆగింది. మా అత్తగారు దిష్టి తగిలిందంటున్నారు. ఇది ఎందుకు జరుగుతుంది?”

దిష్టికి నిమ్మకాయ కట్టుకుంటే మనకు అభ్యంతరం లేదు. కాని ఇలాంటి జబ్బు సాధారణంగా రూపాయి బిళ్ళంత రాగి బిళ్ళ దగ్గర పుడుతుంది.

పూర్వం కారు ముందు హ్యాండిల్ పెట్టి చేత్తో త్రిప్పితేనే ఇంజన్ కదిలేది. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టర్ అమర్చాక ఆ బాధ క్రమంగా తప్పింది. మనం సెల్ఫ్ అనేది ఆ మోటారునే. చిన్న కారులో కూడా అది నూరు ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతుంది. అంత కరెంటు తాళం గుండా పోతే తాళం స్విచ్చి మాడిపోతుంది. అందుచేత తాళం చిన్న కరెంటును మాత్రమే, చాలా కార్లలో రిలే ద్వారా, సోలినాయిడ్‌కు పంపుతుంది. సోలినాయిడ్ అయస్కాంతమై, పళ్ళచక్రాన్ని ఇంజన్ చక్రానికి తగిలించి, రాగి బిళ్ళను రెండు లావు బోల్టులకు అదుముతుంది. అప్పుడు బ్యాటరీ కరెంటు నేరుగా మోటారుకు చేరుతుంది. తాళం వదలగానే స్ప్రింగు బిళ్ళను వెనక్కి నెట్టాలి.

బ్యాటరీ నీరసించినప్పుడు అయస్కాంతం గట్టిగా లాగలేదు. బిళ్ళ టకటకమని కొట్టుకుని, నిప్పురవ్వలు లేచి, రాగి కరిగి బోల్టులకు అతుక్కుపోతుంది. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు వెళ్ళే లావు కేబుల్‌కు చాలా కార్లలో ఫ్యూజు ఉండదు. అందుకే తాళం చేతిలో ఉన్నా మోటారు తిరుగుతూనే ఉంటుంది.

అలాంటప్పుడు ముందుగా గేరు న్యూట్రల్‌కు తెచ్చి హ్యాండ్‌బ్రేక్ వేయాలి. గేరులో ఉంటే సెల్ఫ్ ఒక్కటే కారును ముందుకు లాగేయగలదు. కారు ముందు ఎవరినీ నిలబడనివ్వకండి. తరువాత తాళం త్రిప్పి ఇంజన్ ఆపండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీస్తే ఆల్టర్నేటర్ నుంచి వచ్చే అధిక వోల్టేజి కారులోని ఎలక్ట్రానిక్ సామగ్రిని పాడుచేయవచ్చు. ఆ తరువాతనే బానెట్ ఎత్తి బ్యాటరీ నెగటివ్ కేబుల్ ఊడదీయండి. చాలా కార్లకు పదో నంబరు స్పానర్, మహారాష్ట్రలోని మనవాళ్ళు పానా అనేది, సరిపోతుంది. నిప్పురవ్వ లేస్తుంది కనుక ముఖం ప్రక్కకు త్రిప్పుకోండి. పైటకొంగు, చేతి గాజులు జాగ్రత్త. పాజిటివ్ జోలికి ముందు వెళ్ళవద్దు, స్పానర్ కారు బాడీకి తగిలితే షార్ట్ అవుతుంది. పొగ, కాలిన వాసన వస్తుంటే మాత్రం ఈ పనులేవీ వద్దు. అందరినీ దూరంగా తీసుకుపోయి 101కో 112కో ఫోన్ చేయండి.

ఇక తప్పు ఎక్కడుందో చూద్దాం. తాళాన్ని చేత్తో వెనక్కి త్రిప్పగానే సెల్ఫ్ ఆగితే, తాళం స్విచ్చిలో స్ప్రింగు అరిగిందో బిగుసుకుందో అని అనుమానించాలి. తాళం తీసినా ఆగకపోతే మూడు పరీక్షలున్నాయి. ప్రతిసారీ కారు న్యూట్రల్‌లో, తాళం జేబులో ఉండాలి. వైరు గాని రిలే గాని ముట్టుకునేముందు నెగటివ్ కేబుల్ ఊడదీసి ఉంచాలి.

మొదటిది: సోలినాయిడ్ మీదికి వచ్చే సన్నని వైరు ఊడదీసి, కొన దేనికీ తగలకుండా టేపు చుట్టి, నెగటివ్ తగిలించండి. అప్పుడూ సెల్ఫ్ తిరిగితే సోలినాయిడ్ లోపలి బిళ్ళ అతుక్కుపోయినట్లే. తిరగకపోతే ఆ వైరులోంచే కరెంటు వస్తోందన్నమాట.

రెండవది: వైరు మళ్ళీ పెట్టి, స్టార్టర్ రిలే పీకి చూడండి. అయినా తిరిగితే రిలేకు అవతల వైరు దేనికో తగులుతోంది. అలారం కోసమో పాటల సెట్టు కోసమో ఎవరైనా వైర్లు కోశారేమో చూడాలి.

మూడవది: రిలే పీకితే ఆగిందా? అదే నంబరు గల మంచి రిలే పెట్టి చూడండి. ఆగే ఉంటే పాత రిలేదే తప్పు. మళ్ళీ తిరిగితే తాళం స్విచ్చి చూపించండి. బటన్‌తో స్టార్ట్ అయ్యే కార్లలో బటన్ ఆజ్ఞ కంప్యూటరుకు వెళుతుంది గనుక, ఆ చివరి పని వర్క్‌షాపుకే వదలండి.

స్పానర్ పిడితో సోలినాయిడ్‌ను మెల్లగా తడితే బిళ్ళ ఊడిరావచ్చు. అది వైద్యం కాదు, మళ్ళీ అతుక్కుంటుంది. చాలాసేపు తిరిగిన మోటారు బ్రష్‌లు, ఆర్మేచర్ మాడాయేమో కూడా చూపించాలి. అసలు మూలం బ్యాటరీలో ఉంటే, ఎన్ని సోలినాయిడ్లు మార్చినా అదే కథ. పూర్తి చార్జితో విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6కు దిగువకు పడితే బ్యాటరీనీ కేబుళ్ళనూ పరీక్ష చేయించండి. యానాం, చెన్నై వంటి ఉప్పుగాలి తగిలే చోట్ల టెర్మినల్స్ మీద పట్టే చిలుమును తరచు శుభ్రం చేసుకోవాలి. సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లు మించి కొట్టవద్దు, మధ్యలో అరనిమిషం ఆగండి.

మెకానిక్‌తో మనం కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో మాట్లాడవలసినవాళ్ళం. సెల్ఫ్ అనే మాట ఎక్కడైనా చెల్లుతుంది. “తాళం తీసినా సెల్ఫ్ ఆగలేదు, సన్నని వైరు తీస్తే ఆగింది” అని చెప్పగలిగితే, వందల్లో దొరికే రిలేకు బదులు వేలు పోసి మోటారంతా మార్చుకునే అవస్థ తప్పుతుంది. ఇంట్లో కారు నడిపే ప్రతివారికీ బ్యాటరీ నెగటివ్ ఏదో ఈ ఆదివారమే చూపించండి. స్పానర్‌ను డిక్కీలో సామాను క్రింద కాకుండా, చేతికందే చోట ఉంచండి.