తూకం చెప్పని నిజం

పిల్లలూ! మన కృష్ణా డెల్టాలో కోతలు, నూర్పిళ్ళు అయ్యాక మీరెప్పుడైనా పెద్దవాళ్ళతో కలిసి ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్ళారా? అక్కడ బస్తాను కాటా మీద పెట్టి తూచి ఊరుకోరు. గుప్పెడు గింజలు తీసి యంత్రంతో తేమ ఎంత ఉందో చూస్తారు. 17 శాతం మించితే ఆరబెట్టి తెమ్మంటారు. తాలు ఎంత, మట్టి ఎంత అని కూడా చూస్తారు. ఎందుకని? రెండు బస్తాలు సరిసమానంగా తూగినా లోపలి సరుకు ఒకటి కాకపోవచ్చు కనుక.

వడ్ల విషయంలో ఇంత జాగ్రత్తపడే మనం మనిషి ఒంటి విషయంలో మాత్రం పైచూపుతో, తూకంతో సరిపెట్టుకుంటాం. "మనిషి బాగానే ఉన్నాడుగా, వీడికి జబ్బేమిటి?" అనేస్తాం. ఈ మాట ఒకప్పుడు నేనూ అన్నాను. అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సుమారు పాతికేళ్ళ క్రితం నా దగ్గర పదో తరగతి చదివే కుర్రాడు ఒకడుండేవాడు. పొద్దున డ్రిల్లులో నడుం వంచమంటే వంచలేకపోయేవాడు. "పట్టేసిందండీ" అనేవాడు. సాయంత్రం చూస్తే వాలీబాల్ కోర్టులో ఎగిరెగిరి ఆడుతూ కనిపించేవాడు. "పొద్దున లేని నడుం సాయంత్రానికి ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?" అని ఒకరోజు అందరి ముందూ అడిగి, గుంజీలు తీయించాను. పిల్లలందరూ నవ్వారు. వాడు మాట్లాడకుండా తీశాడు.

ఈమధ్య విజయవాడ బస్టాండులో "మాస్టారూ!" అని ఎవరో పిలిచారు. చూస్తే వాడే. పక్కన ఉన్న సంచీ అందుకోవడానికి వాడు మెడ తిప్పలేదు, మనిషి మనిషంతా తిరిగాడు. వెన్ను బిగుసుకుపోయింది. జబ్బు పేరేమిటో తెలిసేసరికే చాలా ఏళ్ళు గడిచిపోయాయట.

ఆ జబ్బు పేరు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నుపూసల మధ్య, ముఖ్యంగా వెన్నెముక కటి ఎముకలతో కలిసేచోట ఉండే కీళ్ళలో వచ్చే వాపు ఇది. వయసు మళ్ళినవారికి అరుగుదల వల్ల వచ్చే మెడనొప్పిని కూడా మనవాళ్ళు స్పాండిలైటిస్ అనే అంటూ ఉంటారు. అది వేరు. ఇది పడుచు వయసులో, సాధారణంగా 45 ఏళ్ళలోపే మొదలవుతుంది. మనను కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దారి తప్పి మన కీళ్ళమీద పడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ కొందరిలో కొత్త ఎముక పెరిగి పూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు ఎక్స్‌రేలో వెన్నెముక వెదురు బొంగులా కనిపిస్తుంది. హెచ్.ఎల్.ఎ.-బి27 అనే వంశపారంపర్య గుర్తుకూ ఈ జబ్బుకూ సంబంధం ఉన్నదని 1973లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అయితే ఆ గుర్తు ఉన్నవారిలో అత్యధికులకు ఈ జబ్బు రానే రాదు. ఇది మగవారికే వచ్చే జబ్బు కూడా కాదు. ఆడవారిలో దీన్ని గుర్తించడం మరింత ఆలస్యమవుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. బస్తాలు మోసి నడుం నొప్పి వస్తే పడుకున్నప్పుడు తగ్గుతుంది. ఈ నొప్పి అందుకు పూర్తిగా విరుద్ధం. పడుకుంటే పెరుగుతుంది, తెల్లవారుజామున నిద్ర లేపుతుంది. పొద్దున లేచాక అరగంటకు పైగా నడుం కొయ్యబారి ఉంటుంది. కదిలేకొద్దీ, ఆడేకొద్దీ సడలుతుంది. చూశారా! నా విద్యార్థి పొద్దున వంగలేకపోవడమూ నిజమే, సాయంత్రం ఎగరగలగడమూ నిజమే. ఆ రెండూ కలిపి చూస్తే అదే జబ్బు గుర్తు. సైన్సు చెప్పే నేను గుర్తును చూసి అబద్ధం అనుకున్నాను.

ఇంట్లోవాళ్ళు నాలా కోప్పడలేదు, జాలిపడ్డారు. "నొప్పిగా ఉంటే పడుకో నాన్నా, ఆటలు మానెయ్యి" అన్నారు. ఆ జాలి కూడా వాడికి చేటే చేసింది. ఎలాగంటే, మన కండలు ఒకసారి కట్టి వదిలేసిన గోడల వంటివి కావు. కండలోని మాంసకృత్తులు రోజూ కొంత విరిగిపోతూ, రోజూ కొంత కొత్తగా తయారవుతూ ఉంటాయి. పని చెబితే తయారీ పెరుగుతుంది, పని లేకపోతే తగ్గుతుంది. పైగా ఒంట్లో వాపు ఉన్నప్పుడు టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాలు ఎక్కువవుతాయి. ఇవి విరగడాన్ని ప్రోత్సహిస్తాయి. అంటే రోగికి రెండు వైపుల నుంచీ నష్టమే. వాపు ఒకవైపు, కదలకపోవడం మరోవైపు.

మరి కండ తగ్గితే బరువు తగ్గాలి కదా అని మీరడగవచ్చు. మంచి ప్రశ్న! కండ పోయిన మేరకు కొవ్వు చేరితే కాటాలో ముల్లు కదలదు. విజయవాడ కాలువల్లో నీటి పారుదల లేనప్పుడు గుర్రపుడెక్క ఎలా అల్లుకుంటుందో మీరు చూసే ఉంటారు. ఈ జబ్బు ఉన్నవారి వెన్ను కండరాలను స్కానింగులో చూసినప్పుడు, వాటి నడుమ కొవ్వు అలాగే చేరి ఉండటం పరిశోధకులు గమనించారు. 2006లో బ్రిటన్‌లో వెలువడిన ఒక చిన్న పరిశీలనలో ఈ రోగుల కాళ్ళు, చేతుల్లో కండ తక్కువగా ఉన్నదనీ, దానితోపాటే బలమూ తగ్గిందనీ తేలింది. అన్ని పరిశోధనలూ ఇదే మాట చెప్పలేదు. కొన్నింటిలో కండ పరిమాణం మామూలుగానే ఉండి, బలం మాత్రం తక్కువగా కనిపించింది. కనుక తూకమే కాదు, కండ కొలత కూడా మొత్తం నిజం చెప్పదు. ఆ కండ ఎంత పని చేయగలదో కూడా చూడాలి. అందుకే వైద్యులు శరీరంలో కండ, కొవ్వు, ఎముక ఎంతెంతో చెప్పే డెక్సా స్కానింగుతో పాటు, పిడికిలి బిగింపును కొలిచే పరికరాన్నీ వాడతారు.

కండ పనికి కావలసిన శక్తి ఏ.టి.పి. అనే పదార్థం నుంచి వస్తుంది. అది ఖర్చయినకొద్దీ చప్పున తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దీన్ని లోకానికి తెలియజేసినవారిలో, భీమవరంలో పుట్టి అమెరికాలో పరిశోధనలు చేసిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. తరువాత ఆయన నాయకత్వంలోని పరిశోధనల నుంచే మెథోట్రెక్సేట్ అనే మందు వచ్చింది. ఈనాడు రుమటాయిడ్ అనే కీళ్ళవాతానికి అది ముఖ్యమైన మందు. కాని వెన్ను బిగింపుకు అది అంతగా పనిచేయదు. దీనికి వాడే మందులు వేరే ఉన్నాయి. కనుక "మా పిన్నికి తగ్గింది" అని ఒకరి బిళ్ళలు మరొకరు మింగరాదు. పేరు తెలియని పొడుల జోలికి అసలే పోరాదు. వాటిలో స్టెరాయిడ్లు కలిసి ఉంటే, చాలాకాలం వాడినప్పుడు కండ మరింత కరుగుతుంది, ఎముక పలచబడుతుంది.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. ఇటువంటి పిల్లవాణ్ణి డ్రిల్లు పీరియడులో చెట్టు కింద కూర్చోబెట్టడం దయ కాదు. వాడికి తగిన వ్యాయామం ఏర్పాటు చేయడమే దయ. 2020లో ప్రచురితమైన ఒక పరిశోధనలో నార్వే శాస్త్రజ్ఞులు ఇటువంటి రోగులను 100 మందిని తీసుకొని, సగం మందిచేత 3 నెలలపాటు గట్టి వ్యాయామమే చేయించారు. గుండెకు పని చెప్పేవీ, కండకు బలమిచ్చేవీ రెండూ చేయించారు. వ్యాయామం చేసినవారిలో జబ్బు తీవ్రత పెరగలేదు సరికదా, తగ్గింది.

"పడి వెన్ను విరిగితే బాధ్యత ఎవరిది?" అని కొందరు ఉపాధ్యాయులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. పూసలు అతుక్కున్న వెన్ను పెళుసుగా ఉంటుంది. అటువంటివారికి కబడ్డీ, కుస్తీ వంటి పట్టుపట్టే ఆటలు తగవు. అయితే ఏది తగునో, ఏది తగదో వైద్యుణ్ణీ ఫిజియోథెరపిస్టునూ అడిగి తెలుసుకోవచ్చు. ఈత, నడక, ఒళ్ళు విరుచుకొనే వ్యాయామాలు, కొద్దిపాటి బరువులు ఎత్తడం ఎన్నో ఉన్నాయి. వ్యాయామం మందులకు బదులు కాదు, మందులతో కలిసి నడవవలసినది.

మీరూ ఒక చిన్న ప్రయోగం చేయండి. దర్జీ టేపును ఛాతీ చుట్టూ పెట్టి, గాలి పూర్తిగా వదిలినప్పుడు ఒకసారి, నిండా పీల్చినప్పుడు ఒకసారి కొలవండి. ఆరోగ్యంగా ఉన్న పడుచువారిలో తేడా సాధారణంగా 5 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఈ జబ్బు ముదిరితే పక్కటెముకల కీళ్ళు కూడా బిగుసుకుని ఆ తేడా తగ్గిపోతుంది. కొలత కాస్త తక్కువ వచ్చిందని భయపడకండి. సరిగా పీల్చకపోయినా తగ్గుతుంది. మన ఒంట్లో కాటాకు అందని సంగతులు ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడానికే ఈ ప్రయోగం.

బస్టాండులో నా విద్యార్థిని క్షమించమని అడిగాను. ఇప్పుడు మందులు వాడుతున్నాడట, రోజూ వ్యాయామం చేస్తున్నాడట. "అయ్యో, అదేం మాట మాస్టారూ! ఆ రోజు గుంజీలు తీశాక నడుం కాస్త వదులైందండీ. అందరూ నవ్వారని మర్నాటినుంచి డ్రిల్లుకు రావడం మానేశాను, అంతే" అన్నాడు.

పిల్లలూ! మీ తరగతిలోనో, మీ ఇంట్లోనో పడుచువారెవరికైనా మూడు నెలలు దాటి నడుం నొప్పి ఉండి, అది పొద్దున ఎక్కువై కదిలితే తగ్గుతూ ఉంటే నవ్వకండి, పడుకోమనీ చెప్పకండి. కీళ్ళ వైద్యుని దగ్గరకు వెళ్ళమని చెప్పండి. ఆటకు మాత్రం తప్పకుండా పిలవండి.