పవర్ ఉన్న గన్నా, స్పీడ్ ఉన్న గన్నా? లెక్కేసి మాట్లాడుకుందాం



పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి. ముచ్చట గేముల గురించే, కానీ చివరికి మన జేబు దగ్గరికి వస్తది.

మన హాస్టళ్లలో తెగని పంచాయితీ ఒకటుంది. బీజీఎంఐలో ఏకేఎం గొప్పదా, ఎం416 గొప్పదా? ఏకేఎం పార్టీ వాళ్లు "ఒక్కో బుల్లెట్ దెబ్బ చూడరా" అంటారు. ఎం416 వాళ్లు "స్పీడ్ చూడు, చేతిలో ఆగే తీరు చూడు" అంటారు. రెండు వైపులా గొంతులు లేస్తాయి గానీ పెన్ను మాత్రం ఎవరూ పట్టరు. నా అభిప్రాయం ముందే చెప్తున్నా. ఎదుటోడు పడాలంటే ఎన్ని బుల్లెట్లు తగలాలి? అన్ని తగిలించడానికి నా చేతికి, నా ఫోనుకి ఎంత టైం పడుతుంది? అడగాల్సిన ప్రశ్నలు ఈ రెండే. పవర్, స్పీడ్ అనే నంబర్లు విడివిడిగా ఏమీ చెప్పవు.

ఇప్పుడు లెక్క. అప్‌డేట్లతో నంబర్లు కొంచెం అటూ ఇటూ మారుతుంటాయి. మనం ఏకేఎం దెబ్బ 47, ఎం416 దెబ్బ 41 అనుకుందాం. బుల్లెట్‌కీ బుల్లెట్‌కీ మధ్య ఏకేఎంకి 0.1 సెకను, ఎం416కి 0.086 సెకను. మనిషి హెల్త్ 100.

వెస్ట్ లేనోడి ఛాతీకి కొట్టామనుకోండి. ఏకేఎం రెండు బుల్లెట్లు తగిలితే 94. ఇంకా నిలబడే ఉంటాడు, మూడోది కావాలి. ఎం416 రెండు తగిలితే 82, దానికీ మూడోది కావాలి. ఇద్దరికీ మూడే. మూడు బుల్లెట్ల మధ్య ఖాళీలు రెండు కాబట్టి ఏకేఎంకి పట్టిన టైం 0.2 సెకను, ఎం416కి 0.172. పవర్ ఎక్కువున్న గన్నే వెనకబడింది! ఆ అదనపు దెబ్బంతా గాలికి పోయింది.

అదే మనిషి లెవెల్ 2 వెస్ట్ వేసుకున్నాడు. అది 40 శాతం దెబ్బ ఆపుతుంది. ఏకేఎం బుల్లెట్ 28.2కి దిగింది, నాలుగు తగిలితే పడతాడు. ఎం416 బుల్లెట్ 24.6కి దిగింది. నాలుగు తగిలినా 98.4 మాత్రమే. ప్రాణం ఇంకా 1.6 మిగిలింది! దాని కోసం ఐదో బుల్లెట్ పెట్టాలి. టైం చూస్తే ఏకేఎం 0.3, ఎం416 0.344. ఇప్పుడు ఏకేఎం గెలిచింది. గన్నులు అవే, ఎదుటోడి ఒంటి మీద వెస్ట్ మారిందంతే.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. దెబ్బ మెట్ల లాంటిది, వేగం గట్టు వాలు లాంటిది. వాలు మీద ఒక అడుగు వేస్తే ఒక అడుగు పైకి పోతాం. మెట్టు దగ్గర కాలు సగమే లేపితే ఉన్నచోటే ఉంటాం. దెబ్బ పెరిగినప్పుడు కావాల్సిన బుల్లెట్ల సంఖ్య ఒకటి తగ్గితేనే లాభం, లేకుంటే సున్నా.

ఇదంతా ప్రతి బుల్లెట్ తగిలితే లెక్క. నిజంగా ఆడేటప్పుడు అట్లా తగుల్తాయా? ఏకేఎం ఎగిరిపడుతుంది. లెవెల్ 2 వెస్ట్ వాడి మీదే, మన చేతిలో దాని బుల్లెట్లు మూడింటికి ఒకటి తగిలిందనుకోండి. నాలుగు తగలాలంటే పన్నెండు పేల్చాలి, 1.1 సెకను పోయింది. ఎం416 రెండింటికి ఒకటి తగిలిందనుకోండి. పది పేలిస్తే చాలు, 0.774 సెకను. కాగితం మీద ఓడిన గన్ను చేతిలో గెలిచింది.

కార్98కే సంగతి ఇంకా కఠినం. లెవెల్ 2 హెల్మెట్ పెట్టుకున్నోణ్ని కూడా తలకు ఒక్కటి తగిలిస్తే పడేస్తుంది. తప్పితే మాత్రం బోల్ట్ లాగి మళ్లీ పేల్చడానికి దాదాపు రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో ఎదుటోడి ఎం416 ఇరవైకి పైగా బుల్లెట్లు కక్కుతుంది. అందుకే పవర్ గన్నుకు అసలు ఖరీదు, తప్పిన బుల్లెట్ దగ్గర తెలుస్తది.

మన పెద్దలకు ఇది కొత్త విషయమేం కాదు. జొన్న చేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలేటోడు ఒడిసెల పట్టుకుంటాడు గానీ విల్లు పట్టుకోడు. గుంపులుగా వాలే పిట్టలకు రాయి వెంట రాయి పోవాలి, ఒక్క రాయి తప్పితే నష్టం లేదు. వెనకటి రోజుల్లో వేటకు పోయిన తాతలకు ఒడిసెలతో పనిలేదు. ఒక్క బాణం తప్పితే రెండోదానికి జంతువు ఆగదు కాబట్టి, దగ్గరికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లు. ఏ పనికి ఏది పట్టాలో, తప్పితే ఏం పోతుందో వాళ్లకు తెలుసు.

మరి మన ఫోన్ల సంగతి? యూట్యూబ్‌లో ఒకాయన ఖరీదైన ఫోన్లో, మంచి వైఫైలో, రోజూ గంటల తరబడి ప్రాక్టీసు చేసి "ఈ గన్నే బెస్టు" అంటాడు. ఆయన చేతికి అది నిజమే కావచ్చు. మన దగ్గర తక్కువ ర్యామ్ ఫోను, గుట్ట దాటితే పోయే సిగ్నలు, వార్డెన్ సార్ ఒప్పుకున్న కాసేపు. మన స్క్రీన్ మీద తగిలినట్టు కనపడ్డ బుల్లెట్ సర్వర్ లెక్కలో తగలకపోవచ్చు. అందుకే మనలాంటోళ్లకు తప్పుల్ని క్షమించే గన్ను మంచిదని నా మాట. తక్కువ ఎగిరేది, మ్యాగజైన్ పెద్దది, ఒకటి రెండు తప్పినా మళ్లీ అందుకునేది. దూరం నుంచి ఒకే దెబ్బకు కొట్టే గన్ను, ప్రాక్టీసుకు టైం ఉన్నోడికి.

ఇప్పుడు జేబు సంగతి. ఈ పోస్టు అసలు దీనికోసమే రాశాను.

బీజీఎంఐలో గన్ స్కిన్ వేస్తే దెబ్బ పెరగదు, రంగు మారుతుందంతే. ఫ్రీ ఫైర్ వేరు. అక్కడ చాలా స్కిన్లకు డ్యామేజీకో, రేట్ ఆఫ్ ఫైర్‌కో ప్లస్ గుర్తులు ఉంటాయి, పక్కనే రీలోడ్‌కో మ్యాగజైన్‌కో మైనస్ ఉంటుంది. ప్లస్ చూసి మనోళ్లు డైమండ్లు కొంటున్నారు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియని పిల్లలు సబ్బులు, నోటుబుక్కుల పైసలు పెట్టి కొంటున్నారు.

ఊహకు ఒక లెక్క చేద్దాం. ఫ్రీ ఫైర్‌లో హెల్త్ 200. ఒక గన్ను దెబ్బ 30 అయితే ఏడు బుల్లెట్లు కావాలి. స్కిన్ వేసి పదోవంతు పెంచితే దెబ్బ 33. ఆరు తగిలితే 198. మళ్లీ ఏడే! డబ్బులు పోయాయి, మెట్టు ఎక్కలేదు. 34 అయ్యుంటే ఆరుకే పడేవాడు. మరి ఆ ప్లస్ గుర్తు వెనక ఎంత ఉంది? గుర్తు చూస్తే తెలియదు. రేట్ ఆఫ్ ఫైర్ ప్లస్ అయితే వాలు లాంటిది, ఎంతోకొంత పనికొస్తది. కానీ మ్యాగజైన్ తొందరగా ఖాళీ అవుతుంది, తప్పినవి కూడా అంతే తొందరగా తప్పుతాయి.

ఇంకోటి. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ మన దేశంలో నిషేధంలో పడ్డాయి. బీజీఎంఐ కూడా 2022 జులైలో స్టోర్ల నుంచి పోయి, 2023 మేలో తిరిగొచ్చింది. రేపు ఉంటుందో లేదో తెలియని ఆటలో కొన్న వస్తువు మన ఆస్తి ఎట్లా అయితది?

"చదువుకోక ఈ లెక్కలేంటి తమ్ముడూ" అని కొందరు అన్నలు అంటారు. అన్నా, ఇది చదువే. మన ఇళ్లల్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలం, "లెక్కలు మనకు రావు" అనే మాట చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. భాగహారం, శాతాలు, సగటు, పైన చేసిందంతా ఇదే. బుల్లెట్ల మీద వచ్చిన లెక్క డిగ్రీ పరీక్షలో ఎందుకు రాదు?

కాబట్టి తమ్ముళ్లూ, ఇకనుంచి ఎవడైనా "ఈ గన్నే తోపు" అంటే మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని తగలాలి? నా చేతిలో ఎన్ని తగుల్తాయి? తప్పితే ఎంతసేపు ఆగాలి? స్కిన్ కొనమంటే నాలుగోది కూడా అడగండి: ఒక్క బుల్లెటైనా తగ్గుతుందా? జవాబు రాకపోతే పైసలు జేబులోనే ఉంచండి.

నా లెక్కలో తేడా ఉంటే కామెంట్‌లో నంబర్లతో చెప్పండి. గొంతుతో వద్దు.

జై ఆదివాసీ.