మొహమాటపు ఓటు

2018 అక్టోబరులో న్యూజెర్సీలో మా మేనకోడలి వెంట ఓ శనివారం ఎన్నికల ప్రచారానికి ఇల్లిల్లూ తిరిగాను. సగం తలుపులు తెరుచుకోలేదు. తెరిచిన ఒకావిడ చేతులకి పిండి అంటుకుని ఉంది. మా పిల్ల తన అభ్యర్థిని పొగడనేలేదు. "ఓటుకెప్పుడు వెళ్తారు? ఆఫీసుకు ముందా, వచ్చాకా?" అని మాత్రం అడిగింది. ఆవిడ కాస్త ఆలోచించి "ముందే" అంది. అమెరికా మొత్తమ్మీద 2014 మధ్యంతర ఎన్నికల్లో 37 శాతం దగ్గర ఆగిపోయిన పోలింగు 2018లో దాదాపు 50కి చేరింది. ట్రంప్ మీద కోపమని కొందరు, అభిమానమని కొందరు రాశారు. నాకైతే అందులో మొహమాటం కూడా కనిపించింది. 1998 మధ్యంతరానికి న్యూహేవెన్‌లో యేల్ ఆచార్యులు గెర్బర్, గ్రీన్ ప్రయోగం చేసి చూస్తే తలుపు తట్టడం ఓటింగును పెంచింది, ఫోన్లు పెంచలేదు. ఫోన్ పెట్టేయొచ్చు. చలిలో మెట్లెక్కి వచ్చిన మనిషికి "సరే" అనక తప్పదు, అన్నాక వెళ్లకపోతే మనసు పీకుతుంది. ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలిచిన పెళ్లికీ, వాట్సాప్‌లో శుభలేఖ పడేసిన పెళ్లికీ తేడా తెలిసిన మనకు ఇది యేల్ వాళ్లు చెప్పాలా? అన్నట్టు, మా పిల్లది అప్పటికింకా గ్రీన్‌కార్డే. ఓటు లేదు. అయినా ఆ నెలలో నాలుగు శనివారాలూ తిరిగింది.